ఆకాశపు సంధులు – మన వంతెంత?

చార్మినారు నుండి దక్షిణముగా శాలిబండ, ఫలక్‌నుమాల మీదుగా చాంద్రాయణగుట్ట చేరి, అచ్చటినుండి షంషాబాదునకు పోవు దారిలో ఏ రాత్రి పదిగంటల పిమ్మట నిలిచి చూచినను ఒకే దృశ్యము కనబడును. మోటారుబండ్ల పైకప్పులమీద త్రాళ్లతో బిగించిన పెట్టెలు. లోపల ప్రయాణికుడొక్కడు, అతనిని సాగనంపుటకు బంధువు లారుగురు. ఒక బండిలో దుబాయికి మేస్త్రీపనికై పోవు యువకుడు. వేరొక బండిలో డల్లాసునందున్న కూతురి పురిటికి పోవు తల్లి, ఆమె ఒడిలో ఊరగాయ జాడీ. ఇంకొకదానిలో చికాగోలో చదువుకొనబోవు పిల్లవాడు. ఉమ్రా యాత్రకు జిద్దా పోవువారును కలరు. వీరందరును ఒకే ద్వారమున లోనికి పోవుదురు. కాని వీరిని మోసికొనిపోవు సంస్థలు ఏ సంధులకు లోబడి ఎగురుచున్నవో, ఆ సంధులు ఎవరి మేలుకొరకు కుదిరినవో ఈ ఆరుగురు బంధువులలో ఒక్కరికిని తెలియదు. తెలిసికొనవలసిన యగత్యము కలదని చెప్పుటకే ఈ వ్యాసము.

ప్రపంచమునందలి పెద్ద విమాన సంస్థలలో అధికభాగము నేడు మూడు కూటములుగా నేర్పడియున్నవి. వాని పేర్లు స్టార్ అలయన్సు, వన్‌వరల్డు, స్కైటీము. మూడింటను కలిపి సుమారు అరువది సంస్థలు సభ్యులు. స్టార్ అలయన్సు 1997 మే 14వ తేదీన ఐదు సంస్థలతో పుట్టినది: ఎయిర్ కెనడా, లుఫ్తాన్సా, స్కాండినేవియను, థాయి, యునైటెడు. దానికి పోటీగా అమెరికను, బ్రిటిష్ ఎయిర్‌వేసు, కెనడియను, క్యాథే పసిఫికు, క్వాంటాసు సంస్థలు కలిసి 1999 ఫిబ్రవరిలో వన్‌వరల్డును నడుప నారంభించెను. 2000 జూను నెలలో ఎయిర్ ఫ్రాన్సు, డెల్టా, ఏరోమెక్సికో, కొరియను సంస్థలు స్కైటీమును స్థాపించెను. మూడేండ్లలో మూడు కూటములు. రాజ్యములు నూరేండ్లకుగాని చేయలేని పంపకమును కంపెనీలు మూడేండ్లలో ముగించినవి.

ఇంత త్వరగా ఎట్లు జరిగెను? ఏల జరిగెను? దీనికి మూలము చట్టమునందున్నది. 1944 డిసెంబరు 7వ తేదీన చికాగోనగరమున 52 దేశముల ప్రతినిధులు సంతకము చేసిన యొడంబడిక మొదటి నిబంధనములోనే ప్రతి దేశమునకును తన భూమిపైనున్న ఆకాశముమీద సంపూర్ణాధికారము కలదని యంగీకరింపబడెను. ఆకాశము సముద్రమువలె అందరిది కాదు. అది నేలకు పొడిగింపు. కావున ఒక దేశపు విమానము వేరొక దేశమునకు పోవలెనన్నచో ఆ రెండు ప్రభుత్వములును ఒప్పందము చేసికొనవలెను: ఎన్ని విమానములు, ఏ యే ఊళ్లకు, ఎన్ని సీట్లు అని. 1946లో ఇంగ్లండు, అమెరికాలు బెర్ముడాలో చేసికొన్న యొప్పందము ఇట్టివాటికి మాదిరియైనది. దీనికి తోడు మఱియొక కట్టడి కలదు. విమాన సంస్థ స్వదేశీయుల చేతిలోనే యుండవలెనని దాదాపు ప్రతి దేశమును శాసించుచున్నది. అమెరికాలో విదేశీయులకు నూటికి 25 వంతులకు మించి ఓటు హక్కు లేదు. మనదేశమున విదేశ విమాన సంస్థలను 2012లో 49 వంతులవఱకు అనుమతించిరి. ఉక్కు కంపెనీ, సబ్బు కంపెనీ సరిహద్దు దాటి వేరొక కంపెనీని కొనివేయవచ్చును. విమాన కంపెనీకి ఆ దారి మూసియున్నది. వివాహమునకు శాస్త్రము ఒప్పుకొననప్పుడు స్నేహమను పేరిట సంసారము సాగించినట్లు ఇవి కూటములు కట్టినవి.

తొలి దారి చూపినది డచ్చివారు. 1992లో నెదర్లాండ్సు అమెరికాతో ఆకాశద్వారములు బార్లా తెరచు ఒప్పందము చేసికొనెను. దానికి ప్రతిఫలముగా వారి కె.ఎల్.ఎం. సంస్థకును అమెరికాలోని నార్త్‌వెస్టు సంస్థకును గుత్తవ్యాపార నిరోధక చట్టమునుండి 1993లో మినహాయింపు లభించెను. అనగా ఆ రెండును ధరలు, వేళలు, సీట్లు కూడబలుకుకొని నిర్ణయించినను నేరము కాదు. ఇదియే నేటి కూటముల గర్భమందలి రహస్యము. పైకి కనబడునది చుక్కగుర్తు, విశ్రాంతిమందిరము, ప్రయాణపు మైళ్లకు ఇచ్చు బహుమానములు. లోపలనున్నది మాత్రము అట్లాంటికు సముద్రముమీది రాబడిని సభ్యులలో ముఖ్యులైన కొందఱు ఉమ్మడిగా పంచుకొను వ్యాపారము. ఆ ముఖ్యులు ఒక్కొక్క కూటమిలో ఇద్దఱో ముగ్గురో; తక్కినవారు ఊరేగింపులో వెనుక నడచువారు.

సామాన్యునకు దీనివలన మేలు లేదని మేము చెప్పము. అట్లు చెప్పుట సత్యదూరము. ఒకే టిక్కెట్టుమీద హైదరాబాదునుండి అమెరికాలోని ఏ చిన్నపట్టణమునకైనను పోవచ్చును. పెట్టెను షంషాబాదులో అప్పగించినచో నడుమ మార్గమున చాలవఱకు దానిజోలికి పోనక్కఱలేదు. మొదటి విమానము ఆలస్యమై రెండవది తప్పిపోయినచో వేరొకదానిలో ఎక్కించు బాధ్యత సంస్థలదే. ఒకే విమానమునకు రెండు మూడు కంపెనీల అంకెలు తగిలించి అమ్ముకొనుటను కోడ్‌షేరు అందురు. దానివలన విమానము నిండును, ప్రయాణికునికి వేళలు పెరుగును. ఇంగ్లీషు రాని తల్లి ఒంటరిగా ఫ్రాంక్‌ఫర్టులో విమానము మారునప్పుడు ఈ ఏర్పాటు విలువ ఏపాటిదో ఆమె కొడుకు నడిగిన చెప్పును. కాని మేలు కలదన్న మాత్రమున వెల యడుగకుండుట బుద్ధిమంతుల పని కాదు.

ఏ ఖండము ఎవరి వశమందున్నదో చూచినచో సంగతి స్పష్టమగును. ఉత్తరామెరికా, యూరపులలో మూడు కూటములకును బలమైన కోటలు గలవు. దక్షిణామెరికాలో అన్నిటికంటె పెద్దదైన లాటాము సంస్థ 2020లో వన్‌వరల్డును విడిచి, డెల్టాతో వేరుగా జత కట్టెను. ఆఫ్రికాలో ఈజిప్టు, ఇథియోపియా, దక్షిణాఫ్రికా సంస్థలు స్టారునందును, కెన్యా సంస్థ స్కైటీమునందును కలవు. రష్యాలోని రెండు సంస్థల సభ్యత్వమును 2022 ఏప్రిలులో నిలిపివేసిరి. ఉక్రెయినులో యుద్ధము రాగానే స్నేహము తెగినది. ఇక మన దక్షిణాసియా సంగతి వింతగా నున్నది. ఇన్ని కోట్ల జనమున్న భూభాగమునకు మూడు కూటములలోను కలిపి సభ్యులు ఇద్దఱే: 2014 మే నెలలో వన్‌వరల్డున చేరిన శ్రీలంక సంస్థ, అదే సంవత్సరము జూలై 11న స్టారునందు చేరిన ఎయిరిండియా. స్కైటీమునకు ఇచ్చట ఒక్కరును లేరు.

ఎయిరిండియా చేరిన కథ చెప్పుకొనవలసినదే. 2007 డిసెంబరులో పిలుపు వచ్చెను. ఇండియన్ ఎయిర్‌లైన్సుతో విలీనపు చిక్కులలో మునిగియున్న సంస్థ నిబంధనలు నెరవేర్పలేదని 2011లో ఆ కూటమివారు తలుపు మూసిరి. మరల బ్రతిమాలి, ఏడేండ్లకు లోపలికి పోవలసివచ్చెను. అంతకంటె దుర్గతి కింగ్‌ఫిషరు సంస్థది. అది 2012 ఫిబ్రవరిలో వన్‌వరల్డున చేరవలసియుండగా, గడువునకు కొలదిదినముల ముందు ఆపివేసిరి. ఆ యేడు అక్టోబరునకు సంస్థయే నేలకు దిగిపోయెను. జెట్ ఎయిర్‌వేసు ఏ కూటమిలోను చేరక, 2013లో అబూధాబివారి ఎతిహాదునకు నూటికి 24 వంతులు అమ్ముకొనెను. మన కాంపిటీషన్ కమిషనువారు దాని నామోదించునప్పుడు ఒక సభ్యుడు భిన్నాభిప్రాయము వ్రాసెను. అధికసంఖ్యాకుల మాట చెల్లినది. 2019 ఏప్రిలు 17న జెట్టు ఆగిపోయినది. ఇందు ఎవరి తప్పెంతయని తూచుటకు ఈ పుటలు చాలవు. మేము గమనింప గోరునది ఒక్కటే: ఈ కథలన్నిటిలోను అవతలివారికి ఇచ్చటి ప్రయాణికులు కావలసివచ్చిరి, ఇచ్చటి సంస్థ బ్రతుకు వారికి అంతగా పట్టలేదు.

హైదరాబాదీలకు సంధి యను మాట వినగానే ఒకటి జ్ఞప్తికి రావలెను. 1798లో నిజామలీఖాను వెల్లెస్లీతో సైన్యసహకార సంధి చేసికొనెను. దేశములో ఆ యురిని మొట్టమొదట మెడకు తగిలించుకొన్న సంస్థానము మనదే. సంధిలోని మొదటి షరతులలో ఒకటి ఫ్రెంచి దొరలు తీర్చిదిద్దిన నిజాము పటాలములను రద్దుచేయుట. ఆ పటాలములకు నాయకుడైన రేమండు ఆ యేటనే మరణించెను. మూసారాంబాగని మనము పిలుచు పేటలో ఇప్పటికిని అతని పేరు మిగిలియున్నది. రెండేండ్లు తిరిగిన కొలదికాలమునకే ఆంగ్లేయ పటాలముల ఖర్చుక్రింద బళ్లారి, అనంతపురము, కడప, కర్నూలు సీమలు వారిపరమాయెను. స్వంత సైన్యమును రద్దుచేసికొని పరాయిసైన్యమునకు జీతమిచ్చుట! సాయము కోరినవాడు సీమలను పోగొట్టుకొనుట! విమానకూటములను ఆ సంధితో సరిగా పోల్చరాదని వాదించువారుందురు. నిజమే. ఈ కూటములనుండి బయటికి రావచ్చును. చైనా సదరన్ సంస్థ 2019లో స్కైటీమును విడిచెను. స్కాండినేవియను సంస్థ తాను పుట్టించిన స్టారునే విడిచి 2024 సెప్టెంబరులో స్కైటీమునకు పోయెను. నిజామునకు అట్టి స్వాతంత్ర్యము లేకపోయెను. పోలిక చెడుచోటును దాచక చెప్పుచున్నాము. కాని పోలిక నిలుచు చోటొకటి కలదు. సంధిలో చేరినవాడు చేరక మునుపటికంటె స్వంతబలమును పెంచుకొనెనా, తగ్గించుకొనెనా? పరీక్ష ఇదియే.

ఈ పరీక్షను మన నగరమునకు వర్తింపజేయుదము. 1945లో నిజాము ప్రభుత్వము టాటాలతో కలిసి దక్కను ఎయిర్‌వేసును స్థాపించెను. అందు అధికభాగము రాష్ట్రప్రభుత్వమువారిది. బేగంపేట దాని యిల్లు. డకోటా విమానములు దాని బలగము. రాచరికపు లోపములెన్నియున్నను, పరులు వచ్చి మోసికొనిపోవువఱకు కనిపెట్టుకొనియుండక మన విమానములను మనమే నడుపవలెనను ఊహ అందు కలదు. 1953 ఆగస్టు మొదటితేదీన అది తక్కిన ఏడు సంస్థలతోబాటు ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయెను. ఆ జాతీయీకరణమును మేము తప్పుపట్టము. అప్పటికి ఆ చిన్న సంస్థలలో పెక్కు అప్పులలో నున్నవి. కాని నాటినుండి నేటివఱకు హైదరాబాదు స్వంత విమానసంస్థ గల రాజధానిగా గాక, ఇతరుల కూడళ్లకు ప్రయాణికులను పంపు ఊరుగా మిగిలినది. 2008 మార్చిలో బేగంపేట మూతబడి షంషాబాదు తెరచుకొనెను. 2023–24 సంవత్సరములో ఆ ద్వారముగుండ రెండున్నరకోట్ల మంది రాకపోకలు సాగించిరి. మందిరము గొప్పది, అందు సందేహము లేదు. ఇల్లు విశాలమైనంత మాత్రమున వచ్చిపోవు బండ్లు మనవగునా?

ఎవరెవరు వచ్చుచున్నారో చూడుడు. బ్రిటిష్ ఎయిర్‌వేసు లండను మార్గమును 2008లో ఆరంభించెను. లుఫ్తాన్సా ఫ్రాంక్‌ఫర్టునుండి 2024 జనవరిలో వచ్చినది. క్యాథే పసిఫికు హాంకాంగునుండి 2025 మార్చిలోను, కె.ఎల్.ఎం. ఆంస్టర్‌డామునుండి అదే సంవత్సరము సెప్టెంబరులోను వచ్చినవి. సింగపూరు, మలేషియా, థాయి, ఖతారు, సౌదీయా సంస్థలు మనకు పాతకాపులే. మూడు కూటముల జెండాలును షంషాబాదులో ఎగిరినవి. మఱి హైదరాబాదునుండి అమెరికాకు తిన్నగా పోవు స్వదేశ విమానము? 2021 జనవరి 15న ఎయిరిండియా చికాగోకు నడుప నారంభించెను. ఆనాడు ఊరంతయు సంబరపడెను. అది ఎక్కువకాలము నిలువలేదు. అమెరికాలో ఏ విశ్వవిద్యాలయమున చూచినను తెలుగుపిల్లలు గుంపులుగా కనబడుచుండగా, వారి రాకపోకల లాభము దుబాయి, దోహా, ఫ్రాంక్‌ఫర్టు, లండను నగరముల ఖజానాలకు పోవుచున్నది. కూడలి యనునది ఊరకే విమానము మారు చోటు కాదు. అచ్చట మరమ్మతుల కార్ఖానా లేచును, వంటశాల లేచును, హోటళ్లు లేచును, వేలమందికి కూలి దొరకును. మనము పంపు ప్రతి ప్రయాణికునితో ఒక కూలిదినము గూడ పెట్టెలో పెట్టి పంపుచున్నాము.

కూడలి యనునది మనకు తెలియని విద్యయా? కాదు. 1949లో ఆరంభమైన రాత్రితపాలా విమానములు ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులనుండి బయలుదేరి అర్ధరాత్రివేళ నాగపూరులో కలిసికొని, ఉత్తరముల సంచులను, ప్రయాణికులను మార్చుకొని తెల్లవారునప్పటికి స్వస్థలములు చేరుచుండెను. దేశపు నడిబొడ్డున కూడలి పెట్టుట లాభకరమని మన పెద్దలు డకోటాలతోనే చేసి చూపిరి. ఆ నాగపూరునకు కూతవేటు దూరమున గాకపోయినను, హైదరాబాదు గూడ దేశమధ్యముననే యున్నది. తూర్పున సింగపూరునకును పడమట గల్ఫునకును సుమారుగా నడుమ నున్నది.

గల్ఫు మాట వచ్చినది గనుక అందే కొంచెము నిలువవలెను. పాతబస్తీకి అది ప్రాణవిషయము. బార్కసు పేటలోని కుటుంబముల పూర్వులు హద్రమౌతు నుండి వచ్చి నిజాము కొలువులో సిపాయిలైరి. నేడు వారి మనుమలు, వారితోబాటు కరీంనగరు, నిజామాబాదు రైతుబిడ్డలు, గోదావరి జిల్లాల ఆడపడుచులు అదే సముద్రము దాటి అటు పోవుచున్నారు. ఎమిరేట్సు సంస్థ 1985 అక్టోబరులో అద్దె విమానములతో పుట్టినప్పుడు తొలిమార్గములు కరాచీ, బొంబాయి, ఢిల్లీలకే. మనవారిని మోయుటతోనే అది నడక నేర్చినది. 2014 నాటి ఏర్పాటుతో దుబాయివారికి వారమునకు సుమారు 66 వేల సీట్లు దక్కెను. అంతకుముందు సంవత్సరము అబూధాబి వాటాను పదమూడువేలనుండి ఏబదివేలకు పెంచిరి. ఎమిరేట్సుగాని, ఎతిహాదుగాని ఏ కూటమిలోను లేవు, వారికి అక్కఱలేకపోయెను. ఖతారు 2013లో వన్‌వరల్డున చేరెను, సౌదీయా 2012లో స్కైటీమున చేరెను, ఒమాను 2025లో వన్‌వరల్డున చేరెను.

మేస్త్రీకి ఈ కూటములవలన ఏమి దక్కినది? ఏమియు లేదు. అతడు ఎక్కువగా ఎక్కునది చౌకవిమానము. ఎయిరిండియా స్టారునందు సభ్యురాలు. గల్ఫు కూలీలను మోయుటకై 2005లో పుట్టిన దాని చెల్లెలు ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్సు మాత్రము సభ్యురాలు కాదు. విశాఖపట్టణమునకు వచ్చు స్కూటు సింగపూరువారి సంతానమే. అదియు కూటమికి వెలుపలనే. అక్కకు పట్టుచీర, చెల్లెలికి నూలుచీర యన్నట్లు, పెట్టుబడిదారుడు ప్రయాణించు విమానమునకు సంధి రక్షణ, కూలివాడు ప్రయాణించు విమానమునకు ఏమియు లేదు. కూటములు లోకమంతటిని కలుపుచున్నవని ప్రకటనలలో చదువుచున్నాము. లోకమనగా విశ్రాంతిమందిరములో కాఫీ త్రాగువారేనా?

న్యాయస్థానపు పరిచయము గలవారు గనుక ఒక సంగతి చెప్పక మానలేకున్నాము. కొంతకాలము క్రిందట శాలిబండనుండి ఒక వృద్ధురాలు మా యొద్దకు వచ్చెను. కొడుకు నొద్దకు పోయి తిరిగివచ్చుచుండగా ఆమె పెట్టె నడుమదారిలో మాయమయ్యెను. టిక్కెట్టు అమ్మిన సంస్థ, మోసినది మేము గాము పొమ్మనెను. మోసిన సంస్థ, నీకు టిక్కెట్టు మేమీయలేదనెను. ఈ కాగితములు మూడు నెలలు ఒక చేతినుండి వేరొక చేతికి తిరిగెను. ఆమెకు బంగారముకంటె విలువైనవి అందులో పోయినవి, మనుమరాలి ఛాయాపటములు. ఇట్లు త్రిప్పుటకు చట్టము ఒప్పుకొనదని ఆమెకు ఎవరును చెప్పలేదు.

చదువరులు దీనిని గుర్తుంచుకొనవలెను. 1999 నాటి మాంట్రియలు ఒడంబడికలో మనదేశము 2009లో చేరినది. అది విమానవాహన చట్టములో భాగమైయున్నది. ఒప్పందము చేసికొన్న వాహకుడును, నిజముగా మోసిన వాహకుడును ఇద్దఱును ప్రయాణికునికి బాధ్యులే. వరుసగా పలువురు మోసినప్పుడు పెట్టె విషయమున మొదటివానిమీద గాని, చివరివానిమీద గాని, ఎవని చేతిలో పోయెనో వానిమీద గాని దావా వేయవచ్చును. పెట్టె చెడిపోయినచో ఏడుదినములలోపలను, ఆలస్యమైనచో అది చేతికందిన ఇరువదియొక్క దినములలోపలను వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను. రావలసిన దినమునుండి ఇరువదియొక్క దినములలో రానిచో పోయినట్లే లెక్క. దావాకు గడువు రెండేండ్లు. హైదరాబాదునుండి పోయి హైదరాబాదునకే తిరిగివచ్చు టిక్కెట్టునకు గమ్యస్థానము హైదరాబాదే గనుక వ్యాజ్యము మన ఊరిలోనే వేసికొనవచ్చును. వినియోగదారుల న్యాయస్థానము ఇట్టి వ్యాజ్యమును విచారింపజాలదను వాదమును 2011లో సుప్రీంకోర్టు ట్రాన్స్ మెడిటరేనియన్ ఎయిర్‌వేసు కేసులో త్రోసివేసెను. ఒక్క హెచ్చరిక: ఈ రక్షణలో ఒక భాగము ప్రయాణమంతయు ఒకే కార్యముగా కుదిరినప్పుడే దక్కును. పత్తర్‌గట్టీ ఏజెంటు చౌకయని రెండు వేర్వేరు టిక్కెట్లు చేతిలో పెట్టినచో, మొదటి విమానము ఆలస్యమైనప్పుడు రెండవవాడు మీ ముఖము చూడడు.

ఇక ప్రభుత్వమువారి కర్తవ్యము. 2005లో అమెరికాతో మనమును ఆకాశద్వారములు తెరచితిమి. డచ్చివారు తెరచినప్పుడు తమ సంస్థకు ప్రతిఫలము పుచ్చుకొనిరి, మనమేమి పుచ్చుకొంటిమి? పరదేశమునకు సీట్లు పెంచు ప్రతి యొప్పందమునందును, హైదరాబాదు వంటి నగరమునుండి స్వదేశ విమానము దూరదేశమునకు తిన్నగా ఎగురుటకు తగిన వీలు, ఆ దేశపు విమానాశ్రయములో అనువైన వేళలు ముందుగా సంపాదింపవలెను. ద్వారము మూసివేయుడని మేము కోరుటలేదు. మూసినచో దెబ్బ తినువాడు మేస్త్రీయే. పండుగ వచ్చుసరికి టిక్కెట్టు ధర అతని నెలజీతమును మ్రింగివేయును. స్వదేశీ పేరిట కొందఱు స్వదేశ కంపెనీలకు గుత్త యిమ్మనుచున్నారు. ఆ స్వదేశీ మాకు వలదు. ఖద్దరు కట్టుమని మేము ఇంటింటికి తిరిగినది మిల్లుయజమానికి బదులు వేరొక యజమానిని గద్దెనెక్కించుటకు కాదు.

2022 జనవరిలో ఎయిరిండియా మరల టాటాల చేతికి వచ్చినది. 2024 నవంబరులో విస్తారా అందు కలిసినది. దానితోబాటు సింగపూరు సంస్థకు నూటికి 25 వంతులకు పైబడి భాగము దక్కినది. మఱొకవైపు దేశములోకెల్ల పెద్దదైన ఇండిగో ఏ కూటమిలోను చేరక, టర్కీవారితోను ఖతారువారితోను కోడ్‌షేరులు పెట్టుకొని, 2025 జూనులో డెల్టా, ఎయిర్ ఫ్రాన్సు–కె.ఎల్.ఎం., వర్జిన్ అట్లాంటికులతో జతగూడుటకు పూనుకొనెను. రెండు పెద్ద సంస్థలు, రెండు దారులు. ఇవి రేపు పరదేశ భాగస్వాములతో ధరలు కూడబలుకుకొను ఉమ్మడి వ్యాపారములకు దిగినచో కాంపిటీషన్ కమిషను కన్ను తెరచి యుండవలెను. 2002 నాటి చట్టములో మూడవసెక్షను ఇట్టి కూడబలుకులను నిషేధించుచునే, సామర్థ్యమును పెంచు ఉమ్మడి వ్యాపారములకు మినహాయింపు నిచ్చినది. ఆ మినహాయింపు కోరువాడు సామర్థ్యము ఎవరికి పెరిగినదో ఊరిపేరుతో సహా చూపవలెనని మా వాదము. అమెరికాలో ప్రభుత్వము మినహాయింపు నిచ్చునప్పుడు షరతులు పెట్టును, కావలసినప్పుడు వెనుకకు తీసికొనును. మనవారు ఆమోదముద్ర వేసి, మరల ఆ కాగితమువంక చూడరు.

ఆకాశము నేలకు పొడిగింపన్న మాట వట్టి సిద్ధాంతము కాదని 2025 ఏప్రిలులో చూచితిమి. పాకిస్తాను తన ఆకాశమును మన విమానములకు మూసివేసెను. పరదేశ విమానములకు మాత్రము మూయలేదు. మన సంస్థ గంటలకొలది చుట్టు తిరిగి పోవుచుండగా, అదే కూటమిలోని భాగస్వామి తిన్నని దారిన పోయెను. కూటమిలో సభ్యులందఱు సమానులేయని చెప్పుదురు. కష్టకాలమున చమురు ఖర్చు మాత్రము ఎవరిది వారిదే.

మన నగరపు ప్రతినిధులకు ఒక చిన్నపని యప్పగించుచున్నాము. గల్ఫునకు పోవు మార్గములలో ఎక్స్‌ప్రెస్సు వంటి చెల్లెలి సంస్థలను ఎయిరిండియా కూటమి ఏర్పాటులలో ఎందుకు చేర్చదో పార్లమెంటులో అడుగుడు. పూర్తి సభ్యత్వము లేని చిన్నసంస్థలను కలిపికొనుటకు స్టారువారి యొద్దనే వేరొక పద్ధతి కలదు. చైనాలోని జునియావో సంస్థను 2017లో అట్లే కలిపికొనిరి. షాంఘాయివానికి కుదిరినది షంషాబాదువానికి ఏల కుదురదు? అడుగునప్పుడు షంషాబాదులో లోనికి పోవు ద్వారముకడ మాంట్రియలు హక్కులను తెలుగులోను ఉర్దూలోను పెద్ద అక్షరములతో వ్రాయించి కట్టుడని గూడ అడుగుడు. వృద్ధురాలి పెట్టె ఇంతవఱకు దొరకలేదు. వ్యాజ్యము వచ్చే నెల విచారణకు రానున్నది.